‘ఆస్ట్రో మాడిఫైడ్’ అని అమ్ముతున్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలతో జాగ్రత్త

చిన్న టెలిస్కోపుకు డీఎస్‌ఎల్‌ఆర్ బిగించి నిహారికల ఫొటోలు తీసే మిత్రులకు, ముఖ్యంగా వాడిన కెమెరా కొనాలని చూస్తున్నవారికి ఈ హెచ్చరిక. ‘ఆస్ట్రో మాడిఫికేషన్ చేయించాం, హైడ్రోజన్ ఎరుపు అద్భుతంగా పడుతుంది’ అని చెప్పి, మామూలు పాత కెమెరా ధరకు దాదాపు రెట్టింపు తీసుకుని నాకు అమ్మిన కెనాన్ 600డి, ఆ అమ్మకందారు చెప్పిన రకం కెమెరా కాదని తేలింది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ కెమెరా ఇలాగే రేపు ఇంకొకరి చేతి నుంచి రావచ్చు కాబట్టి, దాని అసలు సంగతిని డబ్బు చెల్లించకముందే ఎలా పట్టుకోవాలో చెప్పడమే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ ముందు పరారుణ కాంతిని ఆపే ఫిల్టర్ ఉంటుంది. పగటి ఫొటోల్లో రంగులు కంటికి కనిపించినట్టు రావాలంటే అది ఉండాల్సిందే. అయితే హైడ్రోజన్ వాయువు వెలువరించే 656.3 నానోమీటర్ల ఎరుపు కాంతిలో కూడా అది సుమారు నాలుగో వంతును మాత్రమే సెన్సర్‌కు చేరనిస్తుంది. రోజెట్, కాలిఫోర్నియా, నార్త్ అమెరికా నిహారికలు, గొల్లకావడి చుక్కల్లో తూర్పు చివరిదైన ఆల్నిటాక్ పక్కన గుర్రపుతల నిహారిక వెనుక పరచుకున్న ఎర్రని తెర, ఇవన్నీ ఆ ఒక్క కాంతి మీదే ఆధారపడినవి. అందుకే కెనాన్ 2005లో 20డీఏ, 2012లో 60డీఏ, నికాన్ 2015లో డీ810ఏ అనే ప్రత్యేక కెమెరాలను తెచ్చాయి. అవి మన దగ్గర అరుదుగా దొరుకుతాయి కాబట్టి చాలామంది మామూలు కెమెరానే విప్పించి ఫిల్టర్ తీయించుకుంటారు.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. కెనాన్ 600డి వంటి కెమెరాల్లో సెన్సర్ ముందు ఒకటి కాదు, రెండు గాజు పలకలుంటాయి. ముందు పలక అతినీలలోహిత, పరారుణ కాంతులను చాలావరకు ఆపుతుంది. కంపించి దుమ్ము దులుపుకునే ఏర్పాటు కూడా దానికే ఉంటుంది. వెనుక పలక ఎరుపును తగ్గిస్తుంది. నిహారికల కోసం తీయవలసింది ఈ వెనుక పలకను మాత్రమే. రెండూ తీసేస్తే అది అతినీలలోహిత, పరారుణ కాంతులను కూడా పట్టే ‘ఫుల్ స్పెక్ట్రమ్’ కెమెరా అవుతుంది. దాని ఉపయోగాలు దానికున్నాయి గాని, అది వేరే వస్తువు. నాకు వచ్చింది అదే.

నా టెలిస్కోపు 80 మిల్లీమీటర్ల ఈడీ రిఫ్రాక్టర్, అంటే రంగులు చెదరడాన్ని తగ్గించే ప్రత్యేక గాజు కటకాలతో పనిచేసేది. ఇలాంటి కటకాలను కంటికి కనిపించే రంగులు ఒకేచోట కేంద్రీకృతమయ్యేలా రూపొందిస్తారు. పరారుణ కాంతి ఆ చోటుకు చేరదు. వికారాబాద్ వైపు చీకటి ప్రదేశానికి వెళ్లి, బాహ్తినోవ్ మాస్కుతో (టెలిస్కోపు ముందు పెట్టి ఫోకస్ సరిచూసుకునే గాడుల పలకతో) ఫోకస్ ఎంత జాగ్రత్తగా సరిచేసినా, ప్రతి కాంతిమంతమైన నక్షత్రం చుట్టూ ఉబ్బిన వలయం వచ్చింది. అతినీలలోహిత, పరారుణ కాంతులను ఆపే రెండంగుళాల యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్‌ను, కెమెరాను టెలిస్కోపుకు కలిపే అడాప్టరుకు బిగించగానే ఆ వలయం పోయింది. ముందు పలక లేదనడానికి అంతకంటే నిదర్శనం అక్కర్లేదు. ఈ సంగతి అడిగితే ‘ఎక్కువ కాంతి వస్తే మంచిదే కదా’ అన్నారు అమ్మకందారు. అద్దాలతో పనిచేసే న్యూటోనియన్ టెలిస్కోపు ఉన్నవారి విషయంలో ఆ మాటలో కొంత నిజముంది, ఎందుకంటే అద్దం అన్ని రంగులనూ ఒకేచోటికి పరావర్తనం చేస్తుంది. నేను వాడేది రిఫ్రాక్టర్ అని ఆయనకు ముందే చెప్పాను.

ఫిల్టర్‌తో తీరని లోపం ఇంకొకటి ఉంది. చిత్రంలో ఎడమవైపు నక్షత్రాలు చుక్కల్లా ఉంటే, కుడివైపు పై మూలలో సాగిపోయి కనిపించాయి. ఇలాంటప్పుడు తప్పు టెలిస్కోపుదా కెమెరాదా అని తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది: కెమెరాను ఫోకసర్‌లో (టెలిస్కోపులో కెమెరా బిగించే గొట్టంలో) 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయాలి. పాడైన మూల చిత్రంలో చోటు మారితే లోపం టెలిస్కోపు వైపుది. అదే మూలలో ఉండిపోతే కెమెరాది. నాకు అదే మూలలో ఉండిపోయింది, అంటే పలకలు తీసి తిరిగి బిగించేటప్పుడు సెన్సర్‌ను సమతలంగా కూర్చోబెట్టలేదన్నమాట. ఈ పని ఎంత సున్నితమైనదో తెలిసినవారు కెమెరాను అలా వదిలిపెట్టరు, అందుకే నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే.

అమ్మకందారు రుజువుగా పంపింది ఓరియన్ నిహారిక, అంటే ఎం42 ఫొటో. అది ఎంత ప్రకాశవంతమైనదంటే ఏ మార్పూ చేయని కెమెరాలో కూడా గులాబీ రంగులో చక్కగా వస్తుంది కాబట్టి దాన్ని రుజువుగా ఒప్పుకోవద్దు. కృత్తికల ఫొటో కూడా పనికిరాదు, ఎందుకంటే అక్కడి నీలి మబ్బు నక్షత్రకాంతిని చెదరగొట్టే ధూళి. కాలిఫోర్నియా లేదా రోజెట్ నిహారికను ఒకే ఎక్స్‌పోజర్‌తో తీసిన, ఏ సవరణా చేయని రా ఫైలు (సెన్సర్ నమోదు చేసిన అసలు ఫైలు) అడగండి. చాలా కెమెరాలు ఆ ఫైలులో తమ క్రమసంఖ్యను కూడా నమోదు చేస్తాయి. అమ్ముతున్న కెమెరా అడుగున ఉన్న సంఖ్యతో దాన్ని సరిచూసుకోండి.

కెమెరా చేతికి వచ్చాక వైట్ బ్యాలెన్స్‌ను ఎండకు పెట్టి పగటి వెలుగులో తెల్ల కాగితాన్ని తీయండి. ఎర్రటి ఛాయ లేకపోతే ఏ మార్పూ జరగలేదని అర్థం. ఛాయ ఉంటే, లైవ్ వ్యూ (తెర మీద చూసే పద్ధతి) పెట్టి టీవీ రిమోట్‌ను లెన్సు వైపు చూపి మీట నొక్కండి. పక్కన పెట్టుకున్న మామూలు కెమెరాలో మసకగా కనిపించే రిమోట్ పరారుణ దీపం ఇందులో టార్చిలైటులా వెలిగితే రెండు పలకలూ పోయినట్టే. తర్వాత లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నదిగా, ఎఫ్22కు పెట్టి తెల్ల గోడను తీసి దుమ్ము, గీతలు చూడండి. ముందు పలక లేని కెమెరా తనంతట తాను దుమ్ము దులుపుకోదు. చివరగా మీ లెన్సు అనంత దూరానికి ఫోకస్ అవుతోందో లేదో దూరపు దీపం మీద చూసుకోండి, ఎందుకంటే గాజు తీసేసిన మందాన్ని బట్టి కొన్ని లెన్సులు ఆ దూరాన్ని అందుకోలేవు. మూలల పరీక్షకు మాత్రం నక్షత్రాలు కావాలి. కాబట్టి ఒక రాత్రి వాడి చూసి, నచ్చకపోతే కెమెరాను తిరిగి తీసుకునేలా అమ్మకందారును రాతపూర్వకంగా ఒప్పించుకోండి. కొరియరుకు ముందే మొత్తం డబ్బు యూపీఐలో వేయమనేవారికి వేయకండి.

విప్పిన కెమెరాకు కంపెనీ వారంటీ వర్తిస్తుందని ఆశించవద్దు. అమ్మినవారు దాన్నే వ్యాపారంగా చేస్తుంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద అడగవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సంఖ్య 1915. డబ్బు తీసుకుని వస్తువే పంపకుండా మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఏ దారిలో వెళ్లినా మాడిఫికేషన్ గురించి అమ్మకందారు రాసిన సందేశాలే ఆధారం కాబట్టి ‘ఏ పలక తీశారు, దాని స్థానంలో ఏం పెట్టారు, ఎవరు చేశారు’ అన్న మూడు ప్రశ్నలకూ జవాబులు ఫోన్‌లో కాకుండా రాతలోనే తీసుకోండి.

ఇప్పటికే ఇలాంటి కెమెరా కొన్నవారు ముందు రిమోట్ పరీక్ష చేసి చూడండి. సెన్సర్ సమతలంగా ఉండి, పలకలు లేకపోవడం ఒక్కటే లోపమైతే యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్‌తో దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. సెన్సర్ ఒరిగి ఉంటే ఇంట్లో స్క్రూలు తిప్పే ప్రయత్నం చేయకండి. ఫ్లాష్ కోసం లోపల ఉండే కెపాసిటర్ బ్యాటరీ తీసిన తర్వాత కూడా గట్టి షాక్ కొట్టగలదు.