యాక్సెస్ మార్స్: కళ్లు వెళ్లాయి, కాళ్లు వెళ్లలేదు

తుంటి ఎముక విరిగినవాళ్లకీ, నెలల తరబడి మంచానపడి లేచినవాళ్లకీ మళ్లీ నడక నేర్పడం నా పని. ఫిజియోథెరపిస్ట్‌ని. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్, గూగుల్ కలిసి 2017లో తెచ్చిన ‘యాక్సెస్ మార్స్’ అనే, అంగారకుడి నేలను చూపించే ప్రోగ్రాంని చాలామంది కొండలూ రాళ్లూ చూడటానికి తెరుస్తారు. నేను చూసింది నడక కోసం. మనిషి ఎప్పటికైనా వేరే గ్రహం మీద నడవగలడా అన్న ప్రశ్నకు ఇందులో ఎంత జవాబు దొరుకుతుందా అని.

నేల విషయంలో మంచి మార్కులే వేస్తాను. ఎవరో ఊహించి గీసిన అంగారకుడు కాదిది. 2012 ఆగస్టులో గేల్ బిలంలో దిగిన క్యూరియాసిటీ రోవర్ తీసిన ఫొటోలను కలిపి కట్టిన నేల. బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. కానీ వీఆర్ హెడ్‌సెట్ దొరికితే దానితోనే చూడండి. మామూలు తెర మీద మర్రే బ్యూట్స్ గుట్టలు ఫొటోల్లా అనిపిస్తాయి. హెడ్‌సెట్ పెట్టుకుంటే వాటి కొసలు చూడటానికి తల పైకెత్తాలి. పారంప్ హిల్స్ దగ్గర రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఒకప్పటి సరస్సు అడుగున పేరుకున్న బురదే ఆ రాయి. ల్యాబ్ శాస్త్రవేత్త కేటీ స్టాక్ మోర్గన్ గొంతు వెంటే ఉండి ఇవన్నీ చెబుతుంది, తొందరపెట్టకుండా.

నా చూపు మాత్రం నేలలో దిగబడి మొన పైకి తేలిన రాళ్ల మీదే నిలిచింది. ఇలాంటి రాళ్లే రోవర్ అల్యూమినియం చక్రాలకు 2013లో చిల్లులు పెట్టాయి. అక్కడ వేసుకునే బూటు అడుగు ఎంత గట్టిగా ఉండాలి, అంత గట్టిదైతే పాదం ఎలా వంగుతుంది అని ఆలోచిస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఇక లోటు. నేల మీద ఒకచోట నొక్కితే అక్కడికి చేరిపోతాం. మధ్యలో ఒక్క అడుగు కూడా పడదు. అంగారకుడి గురుత్వం భూమి మీదున్న దాంట్లో 38 శాతమే. మనం నడిచేటప్పుడు ఒంటి బరువు నేలను తాకిన కాలి మీదుగా ముందుకు ఒరుగుతుంది, ఆ ఒరగడానికి గురుత్వమే ఆధారం. భూమి మీద గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగం దాటితే నడక పరుగుగా మారుతుంది. అంగారకుడి మీద లెక్క కడితే ఆ హద్దు నాలుగున్నర దగ్గరికి దిగిపోతుంది. అంటే ఇక్కడ కాస్త చురుగ్గా నడిచే వేగానికే అక్కడ కాళ్లు గెంతడం మొదలుపెడతాయి. 1969 నుంచి 1972 వరకు చంద్రుడి మీద తిరిగిన 12 మందిలో చాలామంది గెంతుతూ సాగింది అందుకే. ఇంత ఆసక్తికరమైన విషయం గురించి ఈ ప్రోగ్రాంలో చిన్న సూచన కూడా లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

గాలి గురించి కూడా చెప్పి ఉండాల్సింది. అక్కడి పీడనం మన దగ్గర ఉన్నదాంట్లో ఒక శాతం కూడా లేదు కాబట్టి పీడనం నింపిన సూట్ లేకుండా నిలబడలేం. చంద్రుడి మీద వాడిన సూటునే తొడుక్కుపోదామన్నా కుదరదు. దాని పొరలు చలిని ఆపేది శూన్యంలో. పలచటి గాలి ఉన్నా వేడిని లాగేసుకుంటుంది.

అన్నిటికంటే నన్ను వేధించే ప్రశ్న ప్రయాణానిది. అంగారకుడికి చేరడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. భారం తెలియని స్థితిలో వ్యాయామం లేకపోతే తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా సాంద్రత పోగొట్టుకుంటుంది. అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు ఉండి వచ్చినవాళ్లను ఇక్కడ క్యాప్సూల్ నుంచి మనుషులు పట్టుకుని దింపుతారు. అక్కడ పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. నా రోగులు తొలి అడుగు వేసేటప్పుడు నేను పక్కనే ఉంటాను కాబట్టి ఇది నాకు చిన్న విషయంగా తోచదు. అయినా నడుస్తారనే నా నమ్మకం. తగ్గిన బరువు ఎముకకు చేటు చేసినా, దిగిన తొలి రోజుల్లో బలహీనపడ్డ కాళ్లకు అదే సాయం కూడా. మొదటి వారం పనంతా కూర్చుని చేసేలా ప్రణాళిక వేసుకోవాలి.

మిగతా గ్రహాల మీద నాకు పెద్దగా ఆశ లేదు. శుక్రుడి మీద 460 డిగ్రీలు దాటిన వేడి, మన కంటే 90 రెట్ల పీడనం. 1982లో దిగిన సోవియట్ నౌక వెనెరా 13 అక్కడ 127 నిమిషాలు పనిచేసింది. గురుడికి, శనికి కాలు మోపే నేలే లేదు.

పిల్లలకు చూపించేవాళ్లు మర్రే బ్యూట్స్‌తో మొదలుపెట్టండి. తిరిగే కుర్చీలో కూర్చోబెట్టండి, నిలబడి చూస్తే తూలతారు. రాతి పొరలకు, నిజమైన నేలకు అయిదులో నాలుగు ఇస్తాను. నడకకు ఒకటి. అడుగు ఎంత దూరం పడుతుందో, కాలు మళ్లీ నేలకు ఎంత ఆలస్యంగా తాకుతుందో చూపించే చిన్న భాగం ఒకటి కలిపితే ఈ ఒకటిని సంతోషంగా మారుస్తాను.