సజెషన్ ఢిల్లీకి పంపాలంటే: సొంతంగానా, అసోసియేషన్ ద్వారానా?

బెంగళూరులో సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసుల్లో చేసే మన తెలుగోళ్ళకి తరచూ వచ్చే డౌటే ఇది, హెడ్ క్వార్టర్స్ చూస్తే ఢిల్లీలో ఉంది, మన సెక్షన్‌లో పని బాగుపడే ఐడియా ఉంటే ఎటునుంచి పంపాలి అని.

సొంతంగా అంటే ప్రాపర్ ఛానెల్. మీ ఆఫీసర్ ఫార్వర్డ్ చేస్తేనే కదులుతుంది, ఆయనకి నచ్చకపోతే అంతే సంగతులు. సీపీగ్రామ్స్‌లో, అంటే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో, వేసేద్దాం అంటారు కొందరు, కానీ అక్కడ ఉద్యోగుల సర్వీస్ మేటర్స్ తీసుకోరు, డిపార్ట్‌మెంట్‌లో ఉన్న దారులన్నీ అయిపోయాకే తీసుకుంటారు.

అసోసియేషన్, అంటే ఆఫీసు ఉద్యోగుల సంఘం, ఆ రూటు స్లోనే, ఒప్పుకుంటా. మీటింగులో పెట్టాలి, కాఫీ అవ్వగానే సగం మంది జారుకుంటారు, మిగిలినోళ్ళు ఊ అంటే అప్పుడు సెక్రటరీ లెటర్ రాస్తారు. కానీ ఆ లెటర్లో ఉండేది మీ ఒక్కరి పేరు కాదు, అందుకే బాసుకి మీమీద కోపం వచ్చే ఛాన్స్ తక్కువ, అసలు లాభం అదే అని నా ఉద్దేశం. పైగా 1966లో మొదలైన జేసీఎం (జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ, ప్రభుత్వం, ఉద్యోగుల సంఘాలు కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు) ఉంది కదా, ఆఫీస్ కౌన్సిల్ నుంచి నేషనల్ కౌన్సిల్ దాకా, పని పరిస్థితుల గురించి మాట్లాడేది అక్కడే. అయితే సంఘానికి గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, సంఘాల గుర్తింపు గురించిన 1993 రూల్స్‌లో మామూలుగా ఆ కేటగిరీ ఉద్యోగుల్లో 35 శాతం మెంబర్‌షిప్ అడుగుతారు.

ఒక్క మెలిక: మీ ఒక్కరి ట్రాన్స్‌ఫర్, మీ ఒక్కరి ఇంక్రిమెంట్ లాంటివి సంఘం ఎత్తుకోకూడదు, రూల్సే ఒప్పుకోవు. అలాంటివి మీరే రాసుకోండి. కుర్చీలు, సాఫ్ట్‌వేర్, షిఫ్టులు లాంటి అందరి గోల మాత్రం సంఘానికి ఇచ్చేయండి.