మాగుంట లేఅవుట్‌లో ఫారిన్ చదువుల కన్సల్టెన్సీ: 5కి 2 స్టార్లు

మాది అల్లూరు పక్క, రొయ్యల చెరువులు. మా పాప డిగ్రీ అయిపోయి ఫోరెన్సిక్ ఆంత్రపాలజీ చదువుతానంది. దొరికిన ఎముకల్ని బట్టి పోయిన మనిషి ఆడా మగా, వయసెంత, ఎత్తెంత అని తేల్చే విద్య. పేరు చెప్పను గానీ, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక కన్సల్టెన్సీకి పోయినాం.

కాఫీ ఇచ్చారు, మర్యాదకు లోటు లేదు. కానీ ఆ అబ్బాయి వరసబెట్టి చూపించిందంతా ఫోరెన్సిక్ సైన్స్ కోర్సులే. వేలిముద్రలు, డీఎన్ఏ, విషాలు. "అన్నా, ఇందులో ఎముకల పేపర్లు ఎన్నున్నాయి?" అని పాప అడిగితే "రెండూ ఒకటేనమ్మా" అన్నాడు. వెనామీ, టైగర్ రెండూ రొయ్యలే కదా అని ఒకే లెక్కన పెంచితే నా చెరువు ఏమవుతుంది?

ఇంటికొచ్చి పాపే వెతుక్కుంది. అమెరికాలోని టెనెసీ యూనివర్సిటీలో విలియం బాస్ మొదలుపెట్టిన 'బాడీ ఫామ్' ఉంది. దానంగా ఇచ్చిన శవాలు ఆరుబయట ఎట్లా కుళ్లుతాయో చూసి నేర్చుకుంటారు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. టెక్సస్ స్టేట్‌లోనూ అట్లాంటిదే ఉందంట. పైగా అమెరికాలో ఈ ఎముకల విద్య నిపుణుల కోసం 1977లో పెట్టిన బోర్డు సర్టిఫికెట్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాల్సిందే. ఖర్చు లెక్కంతా మార్చేసే ఈ ముక్క కన్సల్టెన్సీలో ఎవరూ చెప్పలేదు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఆంత్రపాలజీ ఉందన్న మాటా ఎత్తలేదు.

రిజిస్ట్రేషన్‌కి కట్టిన 5,000 తిరిగి ఇవ్వలేదు. వీసా కాగితాలు మాత్రం బాగా చూస్తారని పక్కూరాయన చెప్పాడు, ఆ 2 స్టార్లు అందుకే. పాప ముందు తిరుపతికి అప్లై చేస్తోంది.