సైటో ఎఫ్‌ఏ-56 ఫోర్ స్ట్రోక్ ఇంజిన్: ఆరేళ్ల వాడకంలో తేలినది

జపాన్‌కు చెందిన సైటో కంపెనీ తయారీ అయిన ఎఫ్‌ఏ-56 ఇంజిన్‌ను ఆరేళ్లుగా ఒకే మోడల్ విమానం మీద వాడుతున్నాను. పేరులోని 56 అంటే 0.56 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 9 సీసీ. మోడల్ విమానాల కోసం పెద్ద సంఖ్యలో తయారైన మొదటి ఫోర్ స్ట్రోక్ గ్లో ఇంజిన్ (ఎర్రగా కాలే చిన్న తీగ ఉన్న గ్లో ప్లగ్‌తో ఇంధనాన్ని మండించే రకం) 1976లో వచ్చిన ఓఎస్ కంపెనీ ఎఫ్‌ఎస్-60 కాగా, సైటో తన తొలి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఎఫ్‌ఏ-30ను 1979లో తెచ్చింది. ఎఫ్‌ఏ-56 ఆ వరుసలోదే. సిలిండర్, దాని హెడ్ ఒకే అల్యూమినియం ముక్కగా ఉండటం దీని ప్రత్యేకత. ఆ రెంటి అతుకు మధ్య పెట్టే హెడ్ గాస్కెట్ అనేదే లేదు కనుక అక్కడ నుంచి కంప్రెషన్ కారిపోతుందన్న బెంగ కూడా లేదు.

ముందు దీని నడక గురించి చెప్పాలి. రెండు చుట్లకు ఒకసారి మాత్రమే మండే ఇంజిన్ కావడం వల్ల దీని శబ్దం టూ స్ట్రోక్ ఇంజిన్ల కీచుమనే అరుపులా కాక, లోతుగా, నిండుగా ఉంటుంది. 12 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్న ప్రొపెల్లర్‌ను నిమిషానికి 9,500 చుట్ల దరిదాపుల్లో తిప్పుతుంది. అంత పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరుగుతూ లాగుతుంది కాబట్టి, బరువైన, వేగం తక్కువైన విమానాలకు ఇది చక్కగా కుదురుతుంది. ఐడిలింగ్‌లో 2,200 చుట్ల దగ్గర నిలకడగా నిలబడి, థ్రాటిల్ ఇవ్వగానే తడబడకుండా అందుకోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

అయితే ఇంధనం పాళ్లను సరిచేసే నీడిల్ వాల్వ్ విషయంలో తొందర పనికిరాదు. నీడిల్ తిప్పాక దాని ప్రభావం ఇంజిన్‌లో కనిపించడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాలు ఆగకుండా మరి కాస్త తిప్పితే మిశ్రమం లీన్ అయిపోతుంది, అంటే అందులో ఇంధనం తగ్గిపోతుంది. మొదటి సంవత్సరం నేను చేసింది అదే. వేడెక్కిన ఇంజిన్‌లో మిశ్రమం వేళకు ముందే మండి, ఎదురు దెబ్బ కొట్టి, ప్రొపెల్లర్ నట్టు ఒక్కసారిగా వదులైంది. ఇంజిన్‌తో పాటు వచ్చిన రెండో నట్టును నేను బిగించి ఉండటం వల్లనే ప్రొపెల్లర్ ఊడి ఎగిరిపోలేదు. ఆ రెండో నట్టు లేకుండా ఏ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌నూ స్టార్ట్ చేయవద్దని, నీడిల్ సరిచేసేటప్పుడు ప్రొపెల్లర్ వెనుక వైపునే ఉండాలని గట్టిగా చెబుతున్నాను. ఇప్పుడు నేను చుట్ల వేగం కొలిచే ట్యాకోమీటర్‌తో గరిష్ఠ వేగం చూసి, అక్కడి నుంచి నిమిషానికి 300 చుట్లు తగ్గే వరకు రిచ్ వైపు, అంటే ఇంధనం పెరిగే వైపు, తిప్పి వదిలేస్తాను. ఆ తరువాత విమానం ముక్కును ఆకాశం వైపు ఎత్తి పట్టినప్పుడు ఇంజిన్ నీరసించకపోతే ఆ సెట్టింగ్ సరిపోయినట్లే.

వాల్వ్ క్లియరెన్స్ అంటే కొత్తవారు భయపడతారు కానీ, అది పది నిమిషాల పని. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రాకర్ల (వాల్వులను నొక్కి తెరిచే మీటల) కవర్లు తీసి, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ పైభాగానికి వచ్చేలా, అంటే రెండు వాల్వులూ మూసుకొని ఉండేలా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. రాకర్‌కూ వాల్వ్ కాడకూ మధ్య ఖాళీ 0.03 నుంచి 0.10 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. 0.03 ఫీలర్ గేజ్ (ఖాళీని కొలిచే పలుచని రేకు) కాస్త రాపిడితో దూరి, 0.10 గేజ్ దూరకపోతే ముట్టుకోవలసిన పని లేదు. అసలు ఖాళీయే లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలుతుంది. ఖాళీ ఎక్కువైతే వాల్వ్ తెరుచుకొనే ఎత్తు తగ్గి బలం పడిపోతుంది, టకటకమనే చప్పుడూ మొదలవుతుంది. అల్యూమినియం సిలిండర్ వేడికి, రాకర్లను నెట్టే పుష్‌రాడ్ల కన్నా ఎక్కువ సాగి ఈ ఖాళీని పెంచుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు తక్కువ వైపు ఉంచడమే మేలు. కొత్త ఇంజిన్‌లో మొదటి గంట నడక తరువాత ఒకసారి సరిచేశాను. ఆ తరువాత ఏడాదికొకసారి చూసుకుంటే సరిపోయింది.

ఈ ఇంజిన్‌కు అసలు శత్రువు అరుగుదల కాదు, తుప్పు. దీనికి విడిగా ఆయిల్ సంప్ (నూనె తొట్టి) ఉండదు. ఇంధనంలో కలిపిన నూనె పిస్టన్ రింగును దాటి కిందికి జారి బేరింగులను, క్యామ్‌ను తడుపుతుంది. నూనెతో పాటు మండగా మిగిలిన ఆమ్ల పదార్థాలు, తేమను పీల్చే మిథనాల్ కూడా అక్కడికే చేరతాయి. నేను 20 శాతం నూనె, 10 శాతం నైట్రోమీథేన్ ఉన్న ఇంధనం వాడతాను. ఆ నూనెలో కొంత ఆముదం ఉండాలన్నది నా పట్టుదల, ఎందుకంటే మిశ్రమం లీన్ అయి వేడి పెరిగినప్పుడు లోహాన్ని కాపాడేది అదే. రోజు చివర ఇంధన గొట్టం ఊడదీసి ఇంజిన్ తనంతట ఆగే వరకు నడిపి, బ్రీదర్ నిపుల్ (ఇంజిన్ అడుగు భాగం గాలి పీల్చి వదిలే చిన్న గొట్టం) ద్వారా, తుప్పు పట్టకుండా కాపాడే ఆఫ్టర్ రన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి, ప్రొపెల్లర్‌ను చేత్తో పది పన్నెండు చుట్లు తిప్పి, రెండు వాల్వులూ మూసుకొన్న స్థితిలో ఆపుతాను. ఒక వానాకాలమంతా ఈ పని చేయకుండా అటక మీద పెట్టేసినందుకు వెనుక బేరింగ్ మార్చవలసి వచ్చింది.

లోపాలు లేవని కాదు. రాకర్ కవర్ల చిన్న స్క్రూలు, ఎగ్జాస్ట్ పైపు నట్టు అదిరి వదులవుతుంటాయి కనుక ప్రతిసారీ చూసుకోవాలి. ఇంధనం ఎక్కువై సిలిండర్ నిండినప్పుడు ఎలక్ట్రిక్ స్టార్టర్ పెడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది కాబట్టి, ముందు చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడటం తప్పనిసరి. విమానం దింపగానే తాళం వేసుకొని వెళ్లిపోవాలనుకొనేవారికి ఎలక్ట్రిక్ మోటారే నయం. చివర ఆ ఐదు నిమిషాలు ఇవ్వగలిగినవారికి మాత్రం దీన్ని సందేహం లేకుండా సూచిస్తాను. పాతది కొంటుంటే గ్లో ప్లగ్ తీసేసి, ఇంజిన్‌ను చెవి దగ్గర పెట్టుకొని ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పి చూడండి. బేరింగులో ఇసుక రాపిడి లాంటి గరగర వినిపిస్తే, బేరింగుల ఖర్చు కూడా ధరలో కలుపుకొని బేరమాడండి.