ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ బాక్స్ సెట్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

ఫ్రెండ్స్, అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925 నుంచి 1928 దాకా షికాగోలో ఓకే (OKeh) అనే రికార్డు కంపెనీకి తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బ్యాండ్లతో చేసిన రికార్డింగులు "కంప్లీట్, రీమాస్టర్డ్" అని అట్ట మీద పెద్దగా వేసి ఉంటే ఆన్‌లైన్‌లో 4 సీడీల సెట్ ఒకటి తెప్పించాను, 38 డాలర్లు పోయాయి, మీవి పోకూడదని రాస్తున్నా.

మా బాబాయి తెనాలి వైపు పెళ్ళి బ్యాండ్‌లో ముప్ఫై ఏళ్ళు ట్రంపెట్ వాయించాడు, ఇప్పుడు మా ఇంటికొచ్చి ఉన్నాడు, ఆయనకి వినిపిద్దామనే కొన్నా. మొదట వెస్ట్ ఎండ్ బ్లూస్ అనే పాట పెట్టాను. అందులో మొదట్లో వెనక ఎవరూ లేకుండా ట్రంపెట్ ఒక్కటే పైకి లేచి కిందకి దూకుతుంది కదా, అది వినగానే బాబాయి "ఒరే, ఈయన ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో వినపడట్లేదేంట్రా" అన్నాడు. నిజమే, నీళ్ళలో మునిగి వాయిస్తున్నట్టుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల బరబర పోవాలని ఫిల్టర్ గట్టిగా పెట్టేశారు, కానీ ఆ బరబర ఉండే చోటే ట్రంపెట్ మెరుపు కూడా ఉంటుంది, దాన్ని గీకేస్తే ఇదీ పోతుంది. చివర్లో ఆర్మ్‌స్ట్రాంగ్ పై స్వరం ఒక్కటే నాలుగు బార్ల (తాళం ఆవర్తాల) పాటు పట్టి నిలబెడతాడు, ఆ పాటకి ప్రాణం అదే, ఇందులో అది సన్నటి ఈల లాగా ఉంది. అర్ల్ హైన్స్ పియానో అయితే పక్కింట్లో వాయిస్తున్నట్టే.

శృతి కూడా తేడా. ఆ పాట ఈ-ఫ్లాట్‌లో ఉండాలి, మా పాప కీబోర్డు మీద నొక్కి చూస్తే అర స్వరం పైకుంది, అంటే స్పీడ్ చూసుకోకుండా తిప్పేశారు, పాట కూడా పది పన్నెండు సెకన్లు ముందే అయిపోతోంది.

అన్నిటికంటే కోపం వచ్చింది పొటేటో హెడ్ బ్లూస్ దగ్గర. 1927 మే నెల హాట్ సెవెన్ రికార్డింగ్ అని రాసి, లోపల ఆయన 1950ల్లో మళ్ళీ చేసింది పెట్టారు. 1927 దాంట్లో ఉండే బాంజో లేదు, ట్యూబా లేదు, సౌండ్ మాత్రం శుభ్రంగా ఉంది, తెలియనివాళ్ళు ఇదే బాగుందనుకుంటారు, అసలు 1927 నాటి ఆ సోలో వాళ్ళు ఎప్పటికీ వినరు. బుక్‌లెట్‌లో తేదీలు లేవు, ఎవరు వాయించారో లేదు, ఆ బ్యాండ్లలో క్లారినెట్ వాయించిన జానీ డాడ్స్ పేరు గానీ ట్రాంబోన్ వాయించిన కిడ్ ఓరీ పేరు గానీ ఒక్కచోట కూడా లేదు, నాకు చాలా బాధేసింది.

యూరప్‌లో వీటి కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఎవరైనా అచ్చేసి అమ్ముకోవచ్చు, అందులో మంచివీ ఉన్నాయి. పాత రికార్డుల సౌండ్ బాగుచేసే ఇంజనీర్ జాన్ ఆర్.టి. డేవీస్ చేసిన, జె.ఎస్.పి. కంపెనీ వేసిన సెట్ ఒక ఫ్రెండ్ దగ్గర తెచ్చి వినిపించా, బరబర ఉంది, ఉండనీండి, బాబాయి కళ్ళు మూసుకుని వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు.

కొనేముందు ఏ ట్రాక్ ఏ తేదీదో, రికార్డుల నుంచి ఎక్కించింది ఎవరో రాశారేమో చూడండి, శాంపిల్ ఉంటే వెస్ట్ ఎండ్ బ్లూస్ చివరి నిమిషం వినండి. ఇంకోటి, సీల్ తీసేశారు కాబట్టి వాపసు తీసుకోం అన్నాడు అమ్మినవాడు, రిటర్న్ రూల్ ముందే అడిగి మెసేజ్‌లో రాయించుకోండి.