బోంగార్డ్ పజిల్స్ నూరు: చాన్నాళ్లు వాడాక

ఎడమ పక్క ఆరు బొమ్మలు, కుడి పక్క ఆరు. ఎడమవైపు ఆరింటికీ వర్తించి, కుడివైపు ఒక్కదానికీ వర్తించని నియమం ఏంటో చెప్పాలి. ఆప్షన్లు ఉండవు, హింట్లు ఉండవు. ఆధారమంతా ఆ పన్నెండు గడుల్లోనే ఉంటుంది. యంత్రాలు ఆకారాలను ఎలా గుర్తుపట్టాలన్న విషయం మీద సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బోంగార్డ్ 1967లో వేసిన పుస్తకంలో ఇలాంటివి 100 ఉన్నాయి. 1979లో అమెరికన్ రచయిత డగ్లస్ హాఫ్‌స్టాటర్ తన పుస్తకంలో వీటి గురించి రాశాక ప్రచారం పెరిగింది. ఈ సమీక్ష ఆ మొదటి నూరింటి గురించే.

మొదట్లోవి చూసి పిల్లల ఆట అనుకోవచ్చు. ఒకటోదాంట్లో ఒకవైపు ఖాళీ గడులు, ఇంకోవైపు ఏదో ఒకటి ఉన్నవి. రెండోది పెద్దవి, చిన్నవి. మూడోది ఉత్త గీతతో గీసినవి, లోపల నలుపు నింపినవి. ఆరోది త్రిభుజాలు, చతుర్భుజాలు. అయితే నంబరును బట్టి కష్టాన్ని అంచనా వేయకండి, అది మెట్టు మెట్టుగా పెరగదు. ఒకదాని దగ్గర పది నిమిషాలు బిగుసుకుపోతే వదిలేసి తర్వాతిదానికి వెళ్లడమే మేలు.

నాలుగోదాని దగ్గర మాత్రం తప్పకుండా ఆగాలి. ఎడమవైపు సొట్ట లేని ఆకారాలు, కుడివైపు ఎక్కడో ఒకచోట లోపలికి సొట్టపోయినవి. చాలామంది ‘ఎడమవి సింపుల్, కుడివి గజిబిజి’ అనేసి పేజీ తిప్పేస్తారు. అది అభిప్రాయమే తప్ప నియమం కాదు. సరిచూసే పద్ధతి ఇది: ఆకారం లోపల రెండు చుక్కలు పెట్టి స్కేలుతో కలపాలి. చుక్కలు ఎక్కడ పెట్టినా గీత బయటికి రాకపోతే అది ఎడమవైపుది. ఒక్క జతకు బయటికొచ్చినా కుడివైపుది. నెలవంక గీసి రెండు కొనలూ కలపండి, గీత బయటపడిపోతుంది. ఇరవై భుజాలూ, కోణాలూ సమానంగా ఉన్న బహుభుజిలో ఎంత ప్రయత్నించినా పడదు. నెలవంక చూడ్డానికి సింపుల్, ఇరవై భుజాలది గజిబిజి. అభిప్రాయాన్ని నమ్ముకున్నవాళ్లు ఈ రెండింటినీ తప్పు పక్కన పెడతారు.

పదహారోది ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. అవి సుడులు, ఒకవైపువి ఒక దిక్కుకి తిరిగితే రెండోవైపువి ఇంకో దిక్కుకి తిరుగుతాయి. ‘గడియారం ముల్లు తిరిగే దిక్కు’ అని చెబితే సరిపోదు. మధ్య నుంచి బయటికి వస్తే ముల్లు దిక్కున తిరిగే సుడి, బయటి నుంచి లోపలికి వెళితే దానికి ఎదురు దిక్కున తిరుగుతుంది. ఎక్కడ మొదలుపెట్టారో చెప్పకపోతే ఇద్దరు వ్యతిరేక జవాబులు చెప్పినా ఇద్దరూ కరెక్టే. (అద్దంలా తిప్పి చూపే ఫోన్ కెమెరాతో తీసి పంపితే గొడవ ఇంకా ముదురుతుంది.)

ఎక్కువమంది ఇరుక్కునే చోటు వేరే ఉంది. రెండు పక్కలకూ చెరో లక్షణం ఉంటుందనుకుని వెతుకుతారు. కొన్నింటిలో ఒక పక్కకే లక్షణం ఉంటుంది, రెండో పక్క అది లేనివన్నీ కలిసిన గుంపు, అంతే. ఇరవై నాలుగోదాంట్లో ఎడమవైపు ప్రతి గడిలో ఒక వృత్తం ఉంటుంది, కుడివైపు ఉండదు. ఆ కుడివైపు ఆరింటిలో ఉమ్మడి గుణం కోసం తల బద్దలు కొట్టుకున్నా లాభం లేదు. అందుకే ముందు ఒక పక్కను చేత్తో మూసి, కనిపించే ఆరింటి గురించి తోచినవన్నీ రాసుకోండి. తర్వాత రెండో పక్క తెరిచి ఒక్కోటీ కొట్టేస్తూ రండి. ఏమీ మిగలకపోతే పక్కలు మార్చి మళ్లీ చేయండి.

పక్కకు ఆరే ఎందుకు అంటే లెక్క ఉంది. బొమ్మలో సగం సగం అవకాశంతో ఉండే ఏదైనా సంబంధం లేని గుణం తీసుకోండి. అది పన్నెండు బొమ్మలను కాకతాళీయంగా సరిగ్గా ఎడమ, కుడి అని విడదీసే అవకాశం 2048లో ఒకటి. పక్కకు మూడే ఉంటే 32లో ఒకటి. కాబట్టి మూడేసి బొమ్మలతో వచ్చే నకళ్లలో దొంగ నియమాలు సులువుగా దొరుకుతాయి, వాటిమీద టైం వృథా.

సొంతంగా తయారు చేసుకుంటే ఇవి ఇంకా బాగా వంటబడతాయి. 3 సెంటీమీటర్ల గడులు, పక్కకు రెండు నిలువు వరసల్లో మూడేసి, మధ్యలో 2 సెంటీమీటర్ల ఖాళీ. మొత్తం 14 వెడల్పు, 9 ఎత్తు, ఏ4 కాగితంలో సగానికి సరిపోతుంది. ఎడమ ఆరూ వరసగా గీసేసి తర్వాత కుడివి మొదలుపెట్టకండి. చెయ్యి అలసిపోయి రెండో పక్కవి తెలియకుండానే చిన్నవైపోతాయి, చూసేవాడు ‘పెద్దవి, చిన్నవి’ అని చెప్పి గెలుస్తాడు. ఎడమ ఒకటి, కుడి ఒకటి చొప్పున గీయండి. సైజు, నలుపు, గడిలో స్థానం, ఎన్ని ఉన్నాయి అనే నాలుగూ రెండు పక్కలా కలగాపులగంగా ఉండాలి. పరీక్షకు పన్నెండు గడులూ కత్తిరించి, కలిపి, నియమం తెలిసిన ఇంకొకరిచేత విడదీయించండి. ఏదైనా గడి దగ్గర ఆయన తటపటాయిస్తే అది తీసేసి కొత్తది గీయాలి.

లోపాలు లేకపోలేదు. కొన్నింటికి ఒకటి కంటే ఎక్కువ నియమాలు సరిపోతాయి, పుస్తకంలో ఉన్నదొక్కటే జవాబనుకోకూడదు. నూరోది రష్యన్ లిపిలోని ‘ఆ’, ‘బె’ అక్షరాలను రకరకాల రూపాల్లో చూపిస్తుంది. ఆ లిపి రానివాళ్లు ‘ఆ’ను ఇంగ్లీషు A లాగే ఉందని పట్టుకోగలరు గానీ ‘బె’కు పేరు పెట్టలేరు. 2020లో కంప్యూటర్‌తో పుట్టించిన బోంగార్డ్-లోగో అనే సెట్‌లో 12,000 ఉన్నాయి. యంత్రాలను పరీక్షించడానికి అది పనికొస్తుంది, మనిషికి యాభై దాటాక విసుగే.

చివరిగా, ఫోన్‌లో చూసేవాళ్లకు ఒక మాట. పదిహేనోది మూసిన గీతలు, తెరిచిన గీతలు. బొమ్మను కుదించి చూస్తే తెరిచిన చోట ఉన్న సన్నని సందు పూడుకుపోయినట్టు కనిపిస్తుంది, పన్నెండూ ఒకేలా ఉంటాయి. జూమ్ చేసి చూడండి, లేదా పెద్దగా ప్రింట్ తీసుకోండి.