గాబరాకు, గాయపడిన మనసుకు ఏ థెరపీ మేలు?

ఎడతెగని ఆందోళనకూ, ప్రమాదమో హింసో మిగిల్చిన భయానికీ ఒకే రకం కౌన్సెలింగ్ చాలునన్న అభిప్రాయం మన జిల్లాల్లో బలంగా ఉంది. పరిశోధనల్లో నిలిచిన పద్ధతుల్లో సీబీటీ (ఆలోచనలనూ నడతనూ మార్చుకునే చికిత్స), ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కోవడం), ఈఎండీఆర్ (కళ్ల కదలికతో సాగే చికిత్స) అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏది ఎవరికి పనికొస్తుందో చాలావరకు తేలుతుంది.

ప్రత్యేకించి ఏ దుర్ఘటనా జరగకుండానే గుండెదడ, నిద్రలేమి, ఊరికే చెడు ఊహలు వేధిస్తున్నవారికి ముందుగా సీబీటీయే సరైనది. 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన చికిత్స దీనికి ప్రధానమైన మూలం. పాలమూరు నుంచి పుణెకు కూలికి వెళ్లిన కొడుకు ఫోన్ ఎత్తకపోతే పదేపదే చేస్తూ, అన్నం ముట్టని తల్లిని తీసుకుందాం. ధైర్యంగా ఉండమని చెప్పడంతో థెరపిస్ట్ పని అయిపోదు. ఆమె దేనికి భయపడిందో, నిన్న అలా భయపడినప్పుడు చివరికి ఏమైందో అడిగి, మళ్లీ ఫోన్ చేయడాన్ని అరగంట వాయిదా వేసి చూడమంటారు. నోట్‌బుక్‌లో రాయడం రానివారు ఫోన్‌లో మాటలుగా రికార్డు చేసుకోవచ్చు. ఇంటి దగ్గర చేయవలసిన ఈ అభ్యాసం మానేస్తే మాత్రం సీబీటీ సగమే జరిగినట్టు.

హైదరాబాద్–విజయవాడ హైవే మీద ప్రమాదానికి గురై బతికినవారి సంగతి వేరు. మొదటి వారాల్లో వచ్చే పీడకలలు, ఉలికిపాటు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. అందుకే జరిగిందంతా వెంటనే ఒక్క విడతలో చెప్పించే పద్ధతిని నిపుణుల మార్గదర్శకాలు వద్దంటున్నాయి. నెల దాటినా అవి వదలకపోతే పీటీఎస్‌డీ (దుర్ఘటన తర్వాత వదలని మానసిక సమస్య) ఉందేమో చూపించుకోవాలి. దానికి ట్రామా (దుర్ఘటన మనసుకు చేసిన గాయం) మీద దృష్టిపెట్టే సీబీటీని, ఈఎండీఆర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫారసు చేసింది.

మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా తీర్చిదిద్దిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ ఆ కోవలోదే; సాధారణంగా 8 నుంచి 15 విడతలు, ఒక్కొక్కటి సుమారు 90 నిమిషాలు. బండి ఎక్కడానికే జంకుతున్న మనిషి భయాన్ని 0 నుంచి 100 వరకు అంకెల్లో చెబుతాడు: ఆగి ఉన్న బండి మీద కూర్చుంటే 30, గల్లీలో నడిపితే 45, పగటిపూట హైవే ఎక్కితే 80, రాత్రి లారీల మధ్య అయితే 100. కింది మెట్టు మీద భయం చల్లబడ్డాకే పైమెట్టు. దీనితోపాటు ప్రమాదాన్ని గుర్తుచేసుకుంటూ గట్టిగా చెప్పి, ఆ రికార్డింగును రోజూ ఇంట్లో వినాలి; రెండు గదుల ఇంట్లో నలుగురి మధ్య అది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఈఎండీఆర్‌లో ఆ ఇబ్బంది తక్కువ. మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షపీరో 1989లో ప్రచురించిన ఈ పద్ధతిలో, జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్ట్ వేళ్ల కదలికను కళ్లతో అనుసరించాలి. అంతా వివరంగా పైకి చెప్పనక్కరలేదు, హోంవర్కూ స్వల్పమే. కళ్ల కదలిక నిజంగా ఎంత తోడ్పడుతోందన్న వాదన ఇంకా నడుస్తున్నా, ఫలితాల్లో ఇది ఎక్స్‌పోజర్‌కు పెద్దగా తీసిపోదు. నా మటుకు, రోడ్డును తప్పించుకు తిరిగేవారికి ఎక్స్‌పోజర్‌నూ, ఇంట్లో జరిగిన హింసను నోటితో చెప్పలేని స్త్రీకి ఈఎండీఆర్‌నూ సూచిస్తాను. ఆ హింస ఇంకా సాగుతుంటే ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేసి రక్షణ చూసుకోవాలి. థెరపీ ఆ తర్వాత.

ఎంపికలో దూరాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్యుణ్ణి కలిసి, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ ఎక్కడ దొరుకుతారో అడగవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌లో తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు గాని, అది పూర్తి చికిత్సకు బదులు కాదు. ఈఎండీఆర్ కోసం దేవరకొండ నుంచి ప్రతి వారం హైదరాబాద్ బస్సెక్కడం కుదరనివారికి, నల్లగొండలోనే తెలుగులో చివరి విడత దాకా సాగే సీబీటీ దొరికితే అదే మేలు.